ఓడిపోయే జట్టుకి సీజన్ టికెట్లు

ఎనభైల మొదట్లో మా ఆయన అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పేవారు. రిటైరై ఊరు విడిచి వెళ్ళిపోతున్న డిపార్ట్‌మెంట్ ఛైర్మన్, యూనివర్సిటీ జట్టు ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి తన రెండు సీజన్ టికెట్లు ఈయన చేతిలో పెట్టాడు. మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు, చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. వద్దంటే బాగుండదని తీసుకున్నారు. సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్‌కి మర్యాద కోసం వెళ్ళి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చారు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఓడిపోయాం."

"మనమా?"

అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు.

అది మొదలు. ఆ జట్టుకి ఓడిపోవడం తప్ప ఇంకేమీ రాదని ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ వెళ్ళేవారు, ఈయనా వెళ్ళేవారు. బయటి ఊళ్ళో మ్యాచ్ అయితే రేడియో పక్కన కూర్చుని, గోడతో మాట్లాడేవారు. శనివారం ఓడితే ఆ కోపం మంగళవారం దాకా ఉండేది. జీవితంలో ఒక్కసారైనా బంతి పట్టుకోని మనిషి, పాతికేళ్ళు నిండని పిల్లలు బంతి జారవిడిచారని నాతో మాట్లాడడం మానేస్తే నేనేం చెయ్యను?

నెలకో శనివారం మా ఇంట్లో తెలుగు ప్రార్థన కూడిక జరిగేది. గుంటూరు, భీమవరం వైపు నుంచి వచ్చి చుట్టుపక్కల ఊళ్ళలో స్థిరపడిన నాలుగు కుటుంబాలు గంటలకొద్దీ డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళు. అక్టోబర్ కూడికలో అందరికంటే పెద్దాయన కళ్ళు మూసుకుని తన మోకాళ్ళ నొప్పి తగ్గించమని ప్రార్థిస్తున్నారు. ఉన్నట్టుండి మా ఆయన "అయ్యో దేవా" అని గట్టిగా అన్నారు. తన బాధకి ఇంతగా కరిగిపోయాడనుకుని ఆ పెద్దాయన ప్రార్థన ఇంకాస్త పొడిగించారు. నేను కళ్ళు తెరిచి చూస్తే, మా ఆయన కోటు కాలర్‌లోంచి చెవి దాకా సన్నటి వైరు కనిపించింది.

అందరూ వెళ్ళాక అడిగాను. "దేవుడి ముందు కూర్చుని ట్రాన్సిస్టర్ వింటారా?"

"చివరి నిమిషంలో బంతి వదిలేశాడు వెధవ," అన్నారు. అంతే. ఆయన దృష్టిలో అదే సంజాయిషీ.

నవంబర్‌లో ఆఖరి మ్యాచ్ నాటికి ఒక్కటీ గెలవలేదు. ఆ రోజు ఈయనకి జ్వరం. వెళ్ళొద్దంటే వినలేదు. దారిలో పడిపోతారేమోనని రెండో టికెట్ మీద నేనూ బయల్దేరాను, ఆయన పాత ఓవర్‌కోటు తొడుక్కుని.

సన్నటి మంచుజల్లు. ఇనుప బెంచీ చల్లదనం ఎముకల్లోకి దిగింది. నా పక్క సీట్లో దుప్పటి కప్పుకున్న ఒక అమెరికన్ ముసలావిడ. భర్త పోయినా ఆ సీటు వదల్లేదట. నా మొహం చూసి జాలిపడి, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. ఏడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఇంకొన్ని సెకన్లే ఉన్నాయనగా మనవాడొకడు బంతి పట్టుకుని మైదానం చివరి గీత దాటేశాడు. జనం సంతోషంతో ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఆరు పాయింట్లు.

"ఇప్పుడు చూడు," అంది ఆవిడ. "బంతి కాలితో తన్ని అదిగో ఆ చివరనున్న రెండు కర్రల మధ్య నుంచి పంపితే ఒకటి, స్కోరు సమానం. అలా కాకుండా మళ్ళీ గీత దాటిస్తే రెండు, గెలుపు. దాటించలేకపోతే ఓటమి."

కోచ్ తన్నేవాణ్ణి పంపాడు. స్టేడియం అంతా ఒక్కసారిగా ఛీ కొట్టింది. బంతి కర్రల మధ్య నుంచి వెళ్ళింది. టైమ్ అయిపోయింది.

"ఇప్పుడేం ఆడతారు?" అన్నాను.

"ఏమీ లేదు. ఇళ్ళకి పోతారు," అని ఆవిడ దుప్పటి మడత పెట్టుకుంది.

మూడు గంటలు చలిలో కూర్చోబెట్టి, ఎవరూ గెలవలేదని చెప్పి పంపించేశారు. పార్కింగ్ లాట్‌లో కార్లు కదలడం లేదు. ఈయన స్టీరింగ్ మీద తల ఆనించి, "పోనీలే, ఓడిపోలేదు కదా," అన్నారు నీరసంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సీజనంతా ఓడిపోయినవాడికి ఇంకొకటి ఓడిపోతే పోయేదేముందండీ? ఆ రెండు పాయింట్ల కోసమే ఆడాల్సింది. ఆ పిల్లలు అంతసేపు బురదలో పొర్లింది సమానంగా ఉండడానికా?"

ఆయన తలెత్తి నా వంక వింతగా చూశారు. "నీకు ఆట ఎప్పుడు అర్థమైంది?"

"అదేమన్నా బ్రహ్మవిద్యా?" అన్నాను. ముందు కారు కదిలే దాకా ఆ కోచ్‌ని తిడుతూనే ఉన్నాను.

వారం రోజులు జ్వరంతో మంచం మీదే ఉన్నారు. మిరియాల చారు ఇస్తూ కూడా నేను అదే మాట. క్రిస్మస్‌కి ముందు ఆ కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారని పేపర్లో వచ్చింది. పాపం, ఇద్దరు చిన్నపిల్లలున్నారట అని మా ఆయన బాధపడ్డారు. నాకు మాత్రం జాలి వెయ్యలేదు.