దొంగకు పెట్టిన గొంతు

వీడియో గేముల్లో కాల్చడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నేర్చుకోవాలని కూడా అనిపించలేదు. జనగామలో డిప్లొమా చదివేటప్పుడు స్టేషన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అందరూ తుపాకులు పట్టుకుని పరుగెత్తే ఆటలో నేనొక్కడినే వీధులు చూస్తూ తిరిగేవాడిని. ఒక ఆటలో ఎప్పుడూ వాన పడే నగరం. దీపాల కింద తడి రోడ్డు మెరిసేది, ఏదో మేడ మీద నుంచి రేడియో లీలగా వినిపించేది. ఇంకో ఆటలో మంచు కొండ, దాని మీద గాలి, అంతే. ఆ గాలి చప్పుడు కోసం కరెంటు పోయేదాకా కూర్చునేవాడిని. బయట జనగామ ఎండ మాడ్చేస్తుంటే, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నాకు నిజంగానే చలి వేసేది.

"ఆడనీకి వచ్చినవా, గాలికి తిరగనీకి వచ్చినవార?" అని పక్క కుర్చీల్లోని దోస్తులు ఏడిపించేవాళ్లు.

బొమ్మ ఎంత బాగున్నా దానికి ప్రాణం పోసేది చప్పుడే. ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. అందుకే కొన్నేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒక చిన్న గేముల కంపెనీలో సౌండ్ పని దొరికితే ఎగిరి గంతేశాను. ఆ కాళ్లను విరగ్గొట్టుకోవాలని ఇప్పుడు అనిపిస్తుంది.

వాళ్లు తెలుగు పల్లె మీద ఆట తయారు చేస్తున్నారు. "మాకు వాతావరణం కావాలండీ. నిజం రోడ్లు, నిజం మనుషులు, నిజం గొంతులు," అన్నాడు మేనేజరు. ఆయనది ఏ ఊరో రాయను. ఆ రోజుల్లో ఊరి పేరు చెబితే చాలు, మిగతా కథంతా తెలిసిపోయిందనుకునేవారు జనం. అదీగాక తర్వాత ఆ ఆఫీసులో నవ్వినవాళ్లలో మావైపు వాళ్లూ ఉన్నారు.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. మా బాపు బస్సు డ్రైవరు. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా ఆ రోడ్డు మీది ప్రతి గుంతా ఆయనకు తెలుసు. అలాంటి మనిషి బస్సు ఆపేసి, తోటి డ్రైవర్లతో కలిసి రోడ్డు పక్కన టెంటు కింద కూర్చున్నాడు. నేను రికార్డరు పట్టుకుని ఇంటికి చేరాను.

ఆ రోజు వంటావార్పు. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తినడం. తారురోడ్డు నడుమ మూడు రాళ్లు, వాటి మీద పెద్ద గంజులో అన్నం, పక్కన పప్పు. అటూ ఇటూ లారీలు నిలిచిపోయాయి. మా బాపు వాళ్లకు ఒక పట్టుదల ఉండేది. మనం ఆపిన బండిలోని మనిషికి పెట్టకుండా మనం ముద్ద ముట్టకూడదు. అందుకే బాపు ఎర్ర తువ్వాలు ఊపుతూ ప్రతి బండికీ ఎదురుపోయేవాడు.

"ఏయ్, ఆగు! యాడికి పోతున్నవ్? జర ఆగు! తినిపో!"

ఒక లారీ డ్రైవరు భయపడి తలుపులు బిగించుకుని కూర్చున్నాడు. బాపు తలుపు తట్టి, "దిగన్నా, బువ్వ సల్లగైతది," అన్నాడు. అతను దిగాడు. విస్తరి ముందు కూర్చుని పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. గరిటె చప్పుడు, డప్పు, దూరంగా రైలు కూత, వాటన్నింటి మీద మా బాపు కేక. ఏ ఆటలోనూ వినని ప్రపంచం అది. నాకు గుండె ఉప్పొంగిపోయింది.

"నా మాట సుత ఎక్కిందా?" అని రికార్డరు వైపు చూశాడు బాపు.

"ఎక్కింది బాపూ. ఆటల పెడ్తరు."

సాయంత్రానికల్లా టెంటు కింద అందరికీ చెప్పుకున్నాడు, తన గొంతు కంప్యూటరులోకి పోతోందని.

నా పని రికార్డు చేసి ఇచ్చేదాకే. ఆట తయారయ్యాక ఆఫీసులో వేసి చూపించారు. ఊరు అందంగానే ఉంది. అందులో రైతు, పంతులు, కథానాయిక, అందరూ సినిమా తెలుగు మాట్లాడతారు. ఊరు దాటితే అడవి దారి. అక్కడ ఎర్ర తువ్వాలు కట్టిన దారిదోపిడి దొంగ అడ్డం వచ్చాడు.

"ఏయ్, ఆగు! యాడికి పోతున్నవ్?"

మా బాపు గొంతు. అంతవరకే. తర్వాతి మాట కోసేశారు. ఆడుతున్నవాడు ధన్‌మని కాల్చాడు, దొంగ కూలిపోయాడు, గదంతా నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్త కాదు. సినిమా హాల్లో మా మాట వినిపించగానే వచ్చే నవ్వే. చిన్నప్పుడు మేము కూడా సిగ్గు లేకుండా నవ్వినదే. కానీ ఈసారి పడిపోయింది మా బాపు.

"ఆయన మా నాన్న. అన్నం తినమని ఆపుతున్నాడు," అన్నాను.

"అయ్యో, పర్సనల్‌గా తీసుకోకండి. తినిపో అంటే దొంగకి సెట్ అవదు కదా. కొంచెం నవ్వు రావాలి, కొంచెం భయం రావాలి. మీ యాసలో రెండూ ఉన్నాయండీ!" అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నట్టు.

తీసేయమన్నాను. ఆట బయటికి వెళ్లిపోతోంది, ఇప్పుడు కుదరదన్నాడు. అరిచాను. బల్ల మీద గుద్దాను. "చూశారా, మీవాళ్లకి ఆవేశం ఎక్కువ," అని పక్కవాడితో అన్నాడు. ఆ పూటే ఉద్యోగం వదిలేశాను. వాళ్లకు పోయింది ఏమీ లేదు. గొంతు వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆట ఇంకా రాలేదని బాపుకు అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ కొన్ని రోజులకు నేను ఇల్లు చేరేసరికే ఎవరి కొడుకో దాన్ని తెచ్చి లాప్‌టాప్‌లో ఎక్కించాడు. వాకిట్లో మంచం మీద లాప్‌టాప్, చుట్టూ టెంటులోని డ్రైవర్లు. బాపు ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఒకాయన మీటలు నేర్పుతుంటే ఆటలోని మనిషిని ఊరు దాటించి, అడవి దారిలోకి మెల్లగా నడిపించాడు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"ఏయ్, ఆగు! యాడికి పోతున్నవ్?"

"అగో, అన్న గొంతే!" అని డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. బాపు ముఖం వెలిగిపోయింది.

"కాల్చు బాపూ. కాల్చకుంటే ఆట ముందటికి పోదు," అన్నాను.

"కాల్చుడేంది? ఎవల్ని?"

అంతలో దొంగ కాల్చాడు. తెర ఎర్రబడి ఆట ఆగిపోయింది. చప్పట్లు కూడా ఆగిపోయాయి. బాపు మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆ దారిలోకే వచ్చాడు. దొంగ తుపాకి తీసేలోపు వాడిని దాటి, చెట్ల వెనకకు పోయి, అటూ ఇటూ తిరిగి చూశాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"వంట యాడ పెట్టిండ్రు బిడ్డా? కనవడ్తలేదు."