దేవుడికి పెట్టిన అర్జీ

ఆ రోజుల్లో దేవుడి గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ని. ఆళ్లగడ్డ మండలాఫీసులో గుమాస్తాగా చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే మా చర్చి మాసపత్రికలో నా వ్యాసాలు వస్తుండేవి. మరణభయం విశ్వాసిని ఏమీ చేయలేదని నేను రాసిన వ్యాసాన్ని పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో చదివి వినిపించారు కూడా. (రాసినవాడు అప్పటికి చలిజ్వరాన్ని మించిన జబ్బు ఎరగడు.)

ఆ వ్యాసమే నా కొంప ముంచింది. అమ్మ పోయాక నన్ను పెంచిన పెద్దమ్మకు కడుపులో గడ్డ ఉందనీ, వెంటనే ఆపరేషన్ చేయకపోతే దక్కదనీ నంద్యాల డాక్టరు చెప్పాడు. బయల్దేరే రోజు బాడుగ జీపు వాకిట్లో నిలబడి ఉన్నా ఆమె మంచం దిగలేదు. "ఆడ కోయించుకోని సచ్చేదానికన్నా ఈడ్నే పోతా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. పాస్టరుగారు ఊళ్లో లేరు. పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఆఫీసుకు పరిగెత్తుకొచ్చాడు. "చావంటే భయం లేదని రాసినోడివి గదా, నువ్వొచ్చి ప్రార్థన చేస్తేనే లేస్తాదంట. బేగా రా."

మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అందరూ తలలు వంచారు. నలుగురిలో పైకి ప్రార్థన చేయడం నాకదే మొదలు. వ్యాసంలోని మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. పొద్దస్తమానం ఆఫీసులో రాసి రాసి నోటికి పట్టిన భాషే బయటికి వచ్చింది. "పరలోకమందున్న తండ్రీ, మా పెద్దమ్మ ఆపరేషన్ విషయమై తమరికి విన్నవించుకొనునది ఏమనగా..." మొదలుపెట్టాక ఆపడం నా చేతిలో లేకపోయింది. "సదరు పెద్దమ్మను నమ్ముకొని బ్రతుకుచున్న వారు పలువురు కలరు. కావున తమరు దయతలచి, తక్షణమే తగు ఉత్తర్వులు జారీ చేయవలసినదిగా కోరుచున్నాను."

ఎవరూ ఆమెన్ అనలేదు. అన్న తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. పెద్దమ్మ కళ్లు తెరిచి, "ఏంరా, దేవునితో మాట్లాడతాండావా, కలెక్టరుతోనా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. "నాకు భయమైతాంది పెద్దమ్మా" అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. "నాకొక్కదానికే అనుకుంటి" అని మంచం దిగి చీర సర్దుకుంది. "పాండి. వీడింత పద్ధతిగా అడిగినాక పైనున్న ఆయప్ప కాదంటాడా." నంద్యాల దాకా నా చెయ్యి వదల్లేదు.

ఆపరేషన్ అయింది, ఆమె ఇంటికొచ్చింది, చర్చిలో కనిపించిన వాళ్లందరికీ నా అర్జీ సంగతి చెప్పి నవ్వించింది. నేను ఊరూరా బదిలీలు తిరిగి తహసీల్దారునయ్యాను. ప్రార్థన ఎలా చేయాలో చెబుతూ పుస్తకాలు కూడా రాశాను. (నవ్వకండి, బాగానే అమ్ముడయ్యాయి.) చాలా ఏళ్లకు మళ్లీ నంద్యాల ఆసుపత్రిలోనే, ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశాక, ఆమె తల దగ్గర నిలబడి నాకు చేతనైనంత చక్కగా ప్రార్థన చేశాను.

"బాగుంది నాయనా. ఇది నీ బుక్కుల్ది" అంది పెద్దమ్మ. "ఆ పొద్దు చేసినావే, అది చెయ్."

మొదలుపెట్టాను. 'కావున' దాకా వచ్చి ఆగిపోయాను. ఏ ఉత్తర్వులు కోరాలో తెలియలేదు. ఆమె నా చెయ్యి తట్టి, "చాల్లే, ఆయనకు అర్థమైంటాది" అంది.

ఇప్పుడు రిటైరై నంద్యాలలోనే ఉంటున్నాను. నా పుస్తకాలు చదివినవాళ్లు ప్రార్థన చేయించుకోవడానికి ఇంటికొస్తుంటారు. కళ్లు మూసుకోగానే ఆ గుమాస్తా కుర్రాడు గుర్తుకొస్తాడు, నవ్వొస్తుంది. నేను ఇన్ని రాశాను గానీ, పెద్దమ్మ కోరి మళ్లీ చేయించుకున్న ప్రార్థన మాత్రం వాడిదే.