దొంగిలించిన కొమ్మ

అడిగి తెచ్చుకున్న మొక్క బతకదని, దొంగిలించి తెచ్చిందే ఏపుగా పెరుగుతుందని మా వీధిలో ఒక నమ్మకం. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా, శ్రీకాకుళం గ్రంథాలయంలో మొక్కల పుస్తకం ఒక్కటి వదలకుండా చదివాను. వేరు పుట్టేది కణుపులోంచి. తెచ్చినవాళ్లు దొంగలో దొరలో కణుపుకేం తెలుసు?

మా ప్రహరీ పక్కన బ్రగ్‌మాన్సియా చెట్టుంది. ఉమ్మెత్తకు చుట్టం. పూలు మాత్రం జానెడు పొడవున గంటల్లా కిందికి వేలాడతాయి. సాయంత్రమైతే వీధంతా వాసన. కొమ్మలు నీళ్ల సీసాలో పెట్టి, తెల్లటి వేళ్లు రాగానే అడిగినవాళ్లకిస్తాను. బదులుగా నా దగ్గర లేని మందారమో లిల్లీ దుంపో పుచ్చుకుంటాను. విజయనగరం వాళ్లు రైల్లో ఆమదాలవలస స్టేషన్లో దిగి వచ్చి మరీ పట్టుకెళ్తారు. ఇచ్చేముందు ఒక పాఠం తప్పదు: ఇది ఆకు నుంచి వేరు దాకా విషం, పిల్లలకీ మేకలకీ అందనివ్వకండి, కోశాక చేతులు కడగకుండా కళ్లు ముట్టుకోకండి.

దొంగకి ఈ పాఠం ఎవరు చెబుతారు?

ఆ మధ్య ఒక ఉదయం చూస్తే రెండు కొమ్మలు లేవు. కత్తెరతోనైనా కొయ్యలేదు, మెలిపెట్టి విరిచారు. బెరడు నిలువునా చీలిపోయింది. వీధి వీధంతా వినేలా తిడుతూ ఉండగానే ఎదురింట్లో గోల మొదలైంది. ఆ ఇంటావిడని వరస కలిపి వదినా అంటాను. ఆమెకు కుడి కన్ను మసకేసింది, ఆ ఒక్క కంటిపాపే ఇంత పెద్దదైంది. పక్షవాతానికి మొదలని భయపడి కొడుకు విశాఖకు కారు మాట్లాడుతున్నాడు.

ఆ కన్ను చూడగానే నేను చదివిన పేజీ కళ్లముందుకొచ్చింది. రసం అంటిన చేత్తో నలుపుకుంటే పాప అలాగే విచ్చుకుంటుంది.

"వదినా, నా సెట్టు ముట్టుకున్నావా?"

"నీ సెట్టుతో నాకేటి పని?"

గోళ్లలో పచ్చటి మరక ఇంకా ఉంది. ప్రాణం మీదికొచ్చిందని వణుకుతూ కూడా అబద్ధమే!

"నిజం సెప్పకపోతే లేని రోగానికి మందులేస్తారు. సెప్పు."

కోడలి వైపు చూసి, తల దించుకుని, "అడిగితే బతకదు కదే," అంది.

చేతులూ కన్నూ కడిగించి ఊళ్లోని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆకూ పువ్వూ నేనే సంచిలో పట్టుకెళ్లాను. డాక్టరు పరీక్షించి, కారణం అదేనన్నారు. కొద్దిరోజుల్లో చూపు సర్దుకుంది.

మన్నించమంటుందేమోనని చూశాను. దొంగిలించిన కొమ్మకి వేళ్లొచ్చాక, దాన్ని పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది.

"సూడు, ఎంత బాగా బతికిందో. పక్కీధోళ్లకి నువ్విచ్చింది కుళ్లిపోనాదంట."

అది నీళ్లెక్కువై కుళ్లిందని ఎంత చెప్పినా వినదే! ఆవిణ్ని కుళాయి దగ్గరే నిలబెట్టి చేతులు కడిగించి, పాఠమంతా చెప్పి పంపాను.

ఇప్పుడు ప్రహరీ మీద కత్తెర, సబ్బు, చెంబుడు నీళ్లు పెట్టాను. విషమని పెద్దక్షరాలతో అట్ట కట్టాను. నోరు తెరిచి అడిగితే వేళ్లొచ్చిన మొక్కే ఇస్తాను కదా, అయినా కొమ్మలు పోతూనే ఉన్నాయి. కొమ్మ పోయిన రోజున ముందు సబ్బు తడిసిందో లేదో చూస్తాను. నిన్న మళ్లీ ఒకటి విరిచారు. సబ్బు పొడిగా ఉంది. తిట్టుకుంటూ చెప్పులేసుకుని, వీధిలో ఇంటింటికీ వెళ్లి అందరి కళ్లూ చూసొచ్చాను.