గుమ్మానికి కట్టని వేపకొమ్మ

పక్క ఫ్లాటులో పొద్దున్నే వేపాకూ పసుపూ వేసి నీళ్ళు కాస్తున్నారు. ఆ చేదు వాసన గుమ్మం దాటి వచ్చి మా వంటింట్లో తిష్ఠ వేసింది. వాళ్ళ బాబుకి ఆటలమ్మ పోసి తగ్గింది, ఇవాళ మూడో నీళ్ళు. బాబు తల తుడుస్తూనే వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చి, "ఆంటీ, సోమవారం నుంచి పరీక్షలు, వీణ్ణి బడికి పంపేయొచ్చంటారా?" అని అడిగింది. ఎవరేమడిగినా ఠక్కున సలహా పారేసే నోరు నాది. ఈసారి మాత్రం, "డాక్టర్ని అడగమ్మా" అని తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. సుమారు అరవై ఏళ్ళ కిందట, ఇలాగే ఒక తల్లి నన్ను అడిగింది. అప్పుడు నేను జవాబు చెప్పాను.

కోటబొమ్మాళి సంతకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది మా ఊరు. నాన్న ఊరి బడికి ఒకే ఒక్క మేష్టారు. గాలివానకి బడి పాక కూలిపోయాక మా ఇంటి అరుగే బడి అయింది. మాఘమాసపు ఎండలో జీడిపూత వాసన గాలికి తేలివస్తుంటే, అరుగు మీద ఎక్కాలు అరిచే పిల్లలు, లోపల రోట్లో అమ్మ నూరే పచ్చడి చప్పుడు, మధ్యలో చెయ్యి చూపించి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి దూరి నాతోపాటు బెల్లంముక్క నోట్లో వేసుకునే పైడితల్లి. ఆ పిల్ల నా ప్రాణం. తండ్రి లేడు, తల్లి నర్సమ్మత్త కూలికి వెళ్ళేది. చింతపిక్కలాటలో నేను ఎప్పుడూ పైడి మీద గెలవలేదు, లెక్కల్లో సరేసరి. ఉప్పు పొట్లం కట్టిన కాగితం దొరికినా అది చదివాకే పొయ్యిలో వేసేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఊళ్ళోకి పెద్దమ్మవారు వచ్చింది. నాన్న దాన్ని మశూచి అనేవాడు, ఆ పేరెత్తితే ఊరివాళ్ళు చెంపలు వేసుకునేవారు. అమ్మవారు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపకొమ్మ కట్టేవారు. ఆ ఇంట్లో తాలింపు వెయ్యరు, తల దువ్వుకోరు, చీపురు చప్పుడు కానివ్వరు, బయటివాళ్ళు గడప తొక్కరు. మూడు నీళ్ళు పోశాకే కొమ్మ తీస్తారు. బడి మూతపడింది. టీకాలవాళ్ళు వచ్చిన రోజు నాన్న మొదట నా చెయ్యే పట్టి చాపించాడు. జ్వరంతో ఉన్న మా తమ్ముడికి తర్వాత వేస్తామన్నారు. నర్సమ్మత్త మాత్రం అమ్మవారికి కోపం వస్తుందని పైడిని జీడితోటలో దాచేసింది. వాళ్ళు బండి కట్టుకుని వెళ్ళిపోయేదాకా ఆ పిల్ల జీడిచెట్టెక్కి కూర్చుందట.

నెల దాటాక బడి తెరవమని కబురు వచ్చింది. తెరిచినా వచ్చిందెవరు? ఒక తండ్రి "సదువెక్కడికి పోతాది, పేనముంటే సాలు" అన్నాడు. ఇంకొకరు పశువుల వెంట పంపేశారు. చాలామంది ఎదుటివాడి పిల్లాడు వెళితే మావాణ్ణీ పంపుతామని ఒకరి గుమ్మం వైపు ఒకరు చూస్తూ కూర్చున్నారు. పిల్లలు రాకపోతే బడి ఎత్తేస్తారని నాన్నకి భయం. రోజూ ఇల్లిల్లూ తిరిగి బతిమాలేవాడు. పదిమంది దాకా పోగయ్యారు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడికి ఒంటి మీద పొక్కులు లేచాయి.

అమ్మ పరుగున వెళ్ళి వేపకొమ్మ తెచ్చి గుమ్మానికి కట్టింది. నాన్న చూసి, "ఇది ఉత్త ఆటలమ్మ. మేష్టారింటికే కొమ్మ కడితే ఇంకెవరొస్తారు? నువ్వు కూడా ఈ మూఢనమ్మకాలు పట్టుకు వేలాడితే ఎలా?" అన్నాడు. అమ్మ ఎదురుతిరిగింది. "కొమ్మ కట్టకపోతే నలుగురికీ ఎలగ తెలుస్తాది?" అంది. నాన్న వినలేదు, కొమ్మ విప్పి పెరట్లో పారేసి రమ్మని నా చేతికిచ్చాడు. పారేసి వచ్చాను. ఊరికి అనుమానం రాకూడదని తాలింపు కూడా వెయ్యమన్నాడు. అమ్మ నూనెలో ఆవాలు వేసి, ఏడుస్తూ లెంపలు వాయించుకుంది. నాన్న చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. వేపకొమ్మని మూఢనమ్మకం అనుకున్నాడు. మాలాంటి ఊళ్ళో, లోపలికి రాకండి అని చెప్పే బోర్డు అదొక్కటే అని ఆయనకి తట్టలేదు.

ఆ సాయంత్రం, పైడిని మర్నాడు బడికి పిలిచి రమ్మని నాన్న నన్ను పంపాడు. నర్సమ్మత్త గుమ్మంలో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. చేట దించి, నన్ను దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఒసే బుల్లీ, మీ ఇంటికాడ ఎవులికీ అమ్మోరు రాలేదు గదా?"

"లేదత్తా. అందరం బాగున్నాం."

"నువ్ సెప్తే సరే. మేస్టారి కూతురివి, అబద్దమాడవు."

నాన్న అబద్ధం చెప్పమనలేదు. అది నా సొంతం. పైడి లేక ఆడుకోవడానికి తోడు లేదు, నా నోరు పడిపోను, అందుకే చెప్పాను.

మర్నాడు పైడి తలకి ఆముదం రాసుకుని, నున్నగా దువ్వుకుని వచ్చింది. ఎప్పటిలాగే మంచినీళ్ళకని నా వెనక లోపలికి దూరింది. తమ్ముడు ఏడుస్తుంటే ఉయ్యాల ఊపింది. అమ్మ పెరట్లో ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను, వద్దనలేదు.

రెండు వారాలు తిరక్కుండా నర్సమ్మత్త గుమ్మానికి వేపకొమ్మ వేలాడింది. పైడి బతికింది. ఎడమ కన్ను పోయింది, ముఖమంతా గుంటలు పడ్డాయి. మా తమ్ముడికి ముక్కు మీద రెండు మచ్చలతో సరిపోయింది. బడి నిలిచింది, పైడి మాత్రం మళ్ళీ ఆ అరుగెక్కలేదు. తల్లితో కూలికి పోయింది. నాన్న తర్వాత ఎప్పుడో వాళ్ళ వీధి వదిలి చుట్టూ తిరిగి నడవడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఒకరోజు నర్సమ్మత్త నన్ను పట్టుకుని బావురుమంది. "నాదే తప్పే బుల్లీ. కిందటేడు ముర్రాటలు మొక్కి తీర్సలేదు. తల్లికి కోపమొచ్చీసినాది." ముర్రాటలంటే వేపాకు వేసిన పసుపునీళ్ళ కుండలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి అమ్మవారికి పోసే మొక్కు. నేను నిజం చెప్పకుండా చెయ్యి విడిపించుకుని ఇంటికి పరిగెత్తాను. టీకా తప్పించడం ఆవిడ పొరపాటే, కాదనను. కానీ ఆవిడ ఏడ్చింది దానికి కాదు.

నిరుడు ఊరు వెళ్ళినప్పుడు పైడి దగ్గర కూర్చుని, ఇక దాచుకోలేక మొత్తం కక్కేశాను. ఒంటికన్నుతో నన్ను చూసి నవ్వింది.

"సాల్లేయే. నాకు తెల్దేటి? ఉయ్యాలూపినప్పుడు మీ తమ్ముడి అరసేతుల్లో పొక్కులు సూసినాను. అమ్మకి సెప్తే బడి మానిపించేస్తాదని సెప్పలేదు."

దీంతో నా బరువు దిగాలి కదా? దిగలేదు, ఇంకాస్త పెరిగింది. ఇప్పుడు ఆ అరుగు లేదు, కొట్టేసి సిమెంటు గది వేశారు. జీడితోట ఇళ్ళస్థలాలైంది. మశూచి అనేదే లోకంలో లేదు, మా మనవలకి ఆ పేరే తెలియదు. నర్సమ్మత్త కూడా పోయింది. మోకాళ్ళు పట్టేసిన ఆఖరి ఏడు కూడా కుండ నెత్తిన పెట్టుకుని, "నా తప్పు కాయి తల్లీ" అంటూ గుడి ముందు సాగిలపడిందట. పిల్లని పంపే ముందు అడగవలసిన మాట అడిగిన తల్లి, మా ఊరంతటికీ ఆవిడ ఒక్కతే.