మంచు ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మ సాన్పి

ఆ రోజుల్లో నాకు కోపం తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి ఏదీ లేదు. డిగ్రీ అయిపోయింది, మీసం వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. కరెంటు పోతే కరెంటోళ్ల మీద, చాయ్ చల్లారితే హోటలు వాడి మీద, ఎవరూ దొరక్కపోతే మా ఇంటి తలుపు మీద ఆ కోపం చూపిస్తూ ఇబ్రహీంపట్నంలో తిరుగుతుండేవాణ్ణి. "వీని కోపం ముక్కు మీద ఉంటది, తెలివి మోకాళ్లల్ల ఉంటది" అనేవాడు మా బాపు. (తెలివి సంగతి ఒప్పుకోను గానీ, ఆ మోకాళ్ల మీదే నేను కశ్మీరులో పాకవలసి వచ్చిందన్నది నిజం.) ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. సగం నవ్వేసరికి మళ్లీ కోపం కూడా వస్తుంది. అందుకే ఈ కథ ఎప్పుడు చెప్పినా మా ఇంట్లో వాళ్లు ముందు నాకు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెడతారు.

మా బజారులో యాత్రలు తిప్పే సేటు ఒకాయన ఉండేవాడు. ఊరందరినీ దేశమంతా తిప్పి, తాను మాత్రం గల్లా పెట్టె దగ్గర నుంచి కదిలేవాడు కాదు కాబట్టి ఆయన్ను అందరం తిరుగుడు సేటు అనేవాళ్లం. ఒకనాడు నన్ను పిలిచి, "నీకు హిందీ వస్తదారా?" అన్నాడు. "మస్తుగ వస్తది" అన్నాను. (నాకొచ్చింది మన పట్నం హిందీ. నాగపూర్ దాటితే అది హిందీ అని నేనే చెప్పుకోవాలి.) అంతే, చలికాలం యాత్రకు నన్ను పెద్దను చేశాడు. అమ్మవారి కొండ దర్శనం, ఆపైన కశ్మీరులో మంచు చూపించడం. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పేర్లిచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పత్తి ఏరడం ముగించుకొని వచ్చిన రైతు ఇళ్ల వాళ్లు. అందులో యాచారం దగ్గరి మా పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క.

పెద్దమ్మ వస్తానన్నప్పుడే నా గుండె గుభేలుమంది. అంతకుముందు ఏడాది వానల్లో పొలం గట్టు మీద జారి పడి ఆమె తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేసి కుట్టారు. "మళ్లీ పడితే మంచానికే" అని డాక్టరు తేల్చి చెప్పాడు. బయలుదేరే రోజు ఆమె బిడ్డ, మా అక్క, నన్ను పక్కకు పిలిచి నా చొక్కా పట్టుకుంది. "తమ్మీ, అమ్మ ఎవ్వరి మాట ఇనది. నీ మీద భారం ఏస్తున్న. నడుసుకుంట పోతున్నది, నడుసుకుంటనే రావాలె. ఎక్కడన్న పడ్డదని ఇన్ననా, మళ్ల నా గడప తొక్కకు." అక్క నవ్వుతూ అనలేదు. నాకు చిన్నప్పుడు అన్నం తినిపించిన చెయ్యి అది, నేను సరేననేదాకా చొక్కా వదల్లేదు.

దర్శనం బాగానే జరిగింది. మంచు కూడా తనివితీరా చూశాం. అసలు తిప్పలు తిరిగి వచ్చేటప్పుడు మొదలయ్యాయి. రాత్రంతా మంచు కురిసి రోడ్డు మూసేశారు, రైలొక్కటే గతి అన్నారు. పొద్దున్నే అందరినీ వ్యాన్లలో ఒక చిన్న స్టేషనుకు తెచ్చి దింపారు. దిగి చూద్దును కదా, ప్లాట్‌ఫారం ఏదో, పట్టాలు ఏవో తెలియకుండా అంతా తెల్లగా ఉంది. మనుషులు నడిచిన చోట మాత్రం మంచు అణిగి గట్టిపడి నున్నగా తేలింది. పట్టుకోవడానికి ఒక తాడు లేదు, కాలు ఆనడానికి ఒక గోనెపట్టా లేదు, అంచు ఎక్కడుందో చెప్పే మనిషి లేడు. మా వాళ్ల కాళ్లకు చూస్తే రబ్బరు చెప్పులు. "బూట్లెందుకు రా, అన్నీ ఆడనే దొరుకుతయ్" అని సేటు చెప్పాడు మరి. మేజోళ్లు వేసుకుంటే చెప్పు వేలికి పట్టడం లేదని పెద్దమ్మ మేజోళ్ల ముందు భాగాన్ని కత్తెరతో చీల్చింది. అది చూసి మిగతా ఆడవాళ్లందరూ చీల్చుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అంత చలిలోనూ చెవులు వేడెక్కాయి. సేటు అక్కడ లేడు గానీ ఉంటే ఏం జరిగేదో నేను చెప్పలేను. పెద్దమ్మను రెక్క పట్టుకొని అడుగులో అడుగు వేయిస్తూ వెయిటింగ్ హాలులోకి చేర్చాను. అక్కడ బొగ్గుల పొయ్యి మండుతోంది, దాని మీద పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. "పెద్దమ్మా, ఈడికెల్లి లేవకు. లేస్తే నా మీద ఒట్టు" అని చెప్పి స్టేషను ఆఫీసు గదికి పోయాను. కాళ్ల దాకా పొడుగు కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి గాజు గ్లాసులో చాయ్ తాగుతున్నాడు. నేను ఆయనకు మనసులోనే కోటు సాబ్ అని పేరు పెట్టి నా హిందీ విప్పాను.

"ప్లాట్‌ఫారం చూసిన్రా సాబ్? మనిషి నడిసేటట్టు ఉన్నదా అది?"

"మంచు పడుతోంది" అన్నాడాయన, నాకు కళ్లు లేనట్టు.

"అది నాకు కూడా కనవడుతున్నది. ఇసుక సల్లొచ్చు గద? తాడు కట్టొచ్చు గద? నా ఎంట ముసలోళ్లు ఉన్నరు. మా పెద్దమ్మ కాలుకు రాడ్డున్నది, ఒక్కపారి పడితే అయిపాయె."

"అందరినీ లోపల కూర్చోమను."

"ఎంతసేపు?"

"బండి వచ్చేదాకా."

"బండి వచ్చినంక ఎగిరి ఎక్కుతరా?"

"చూస్తాం" అన్నాడు కోటు సాబ్, చాయ్ ఒక గుక్క తాగి.

ఈ ప్రపంచంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించే మాట ఈ 'చూస్తాం'. రేషను కార్డుకు పోతే చూస్తాం, దవాఖానలో మంచం అడిగితే చూస్తాం. చూసేవాడు ఎప్పుడూ కుర్చీలో వెచ్చగా ఉంటాడు, పడేవాడే బయట ఉంటాడు. మనిషి పడకముందు ఎవడికీ పట్టదు, పడ్డాక మాత్రం 'చూసుకొని నడవొద్దా' అనడానికి పదిమంది తయారు. ఇదంతా నేను నా హిందీలో గుక్క తిప్పుకోకుండా ఆయనకు చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు గానీ ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు లేచి రా సాబ్, నీ కండ్లతోని చూడు, రుజువు చూపిస్త" అని సవాలు చేశాను. ఆయన నిట్టూర్చి టోపీ పెట్టుకున్నాడు.

నేను అక్కడ గొంతు చించుకుంటున్నంతసేపూ ఇక్కడ పెద్దమ్మ ఊరికే కూర్చోలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె పొద్దున లేచి వాకిలి ఊడ్చి సాన్పి, అంటే పేడ కలిపిన నీళ్లు, చల్లకుండా చాయ్ ముట్టింది లేదు. యాత్రలో కూడా దిగిన ప్రతి సత్రం ముందూ నాలుగు చెంబుల నీళ్లు చల్లి దండం పెట్టుకునేది. ఆ పొద్దున హడావుడిలో అది తప్పింది. ఎదురుగా ఎవరూ ఊడ్వని వాకిలి, అంటే ప్లాట్‌ఫారం. పక్కన మరుగుతున్న నీళ్లు. నెయ్యి పేరుకున్న గిన్నెలో ఉడుకు నీళ్లు పోస్తే కరిగినట్టు మంచు కూడా కరుగుతుంది కదా అని ఆమె లెక్క. మరో నలుగురు ఆడవాళ్లను కలుపుకొని, వెయిటింగ్ హాలు గుమ్మం నుంచి ఆఫీసు గది దాకా బకెట్లతో సాన్పి చల్లింది. (పేడ దొరకలేదు కాబట్టి ఉత్త నీళ్లే. దొరికి ఉంటే భారత రైల్వే నన్ను ఇప్పటికీ వెతుకుతుండేది.) పోసిన కాసేపు మంచు కరిగి నల్లటి నేల కనబడిందట. "సూడుండ్రి, మనింటి అరుగు లెక్క అయింది" అని అందరూ మురిసిపోయి, చలికి ఆగలేక లోపలికి వచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్నారట. నీళ్లు అక్కడే ఉండిపోయాయి. ఆ చలికి నీళ్లు ఏమవుతాయో మా ఎండల్లో పుట్టిన వాళ్లకు ఎవరు చెప్పాలి? కాసేపట్లో అదంతా అద్దమైంది.

నేను తలుపు ధడాలున తెరిచి, వెనక కోటు సాబ్ వస్తున్నాడన్న గర్వంతో, రొమ్ము విరుచుకొని పెద్ద అడుగు వేశాను. రెండో అడుగు వెయ్యవలసిన అవసరం రాలేదు. కాళ్లు ఆకాశానికి, నడుము నేలకు. అంతటితో ఆగినా బాగుండేది. అలాగే వెల్లకిలా జారుతూ జారుతూ ప్లాట్‌ఫారం నడిమధ్యకు పోయి ఒక స్తంభానికి తగిలి ఆగాను. రుజువు చూపిస్తానని పిలిచాను కదా, చూపించాను. నడుము కింది ఎముకలో నిప్పు పెట్టినట్టుంది. లేద్దామని మోకాళ్ల మీద పాకబోతే అవి కూడా జారాయి.

అప్పుడు వెయిటింగ్ హాలు గుమ్మంలో పెద్దమ్మ కనిపించింది. నన్ను చూసింది, కొంగు నడుముకు చుట్టింది. నా నొప్పి ఎటు పోయిందో నాకు తెలియదు. ఆమెకూ నాకూ నడుమ అంతా అద్దమే. చొక్కా పట్టుకున్న అక్క చెయ్యి గుర్తొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి. "పెద్దమ్మా, రాకు. నీ కాళ్లు మొక్కుత, రాకు" అని అరిచాను. అంత భయం నాకు అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు.

ఆమె ఒక్క క్షణం నేలను చూసింది. తర్వాత మెడ మీది గొంగడి తీసి పరిచి, తలుపు పట్టుకొని, రాడ్డున్న కాలు ముందుకు చాచి దాని మీద నిదానంగా కూర్చుంది. రెండు చేతులతో నేలను వెనక్కి తోసుకుంటూ పడవలా నా వైపు రావడం మొదలుపెట్టింది. "ఎందుకు ఒర్రుతవ్ రా" అంది దారిలో. "నిలవడితే గద పడేది. కూసున్నోళ్లను ఎవడు పడగొడ్తడు?" నా దగ్గరకు వచ్చి ముందు నా తల నిమిరింది, తరువాత నా నడుము నొక్కి చూసింది, నేను కేక పెడితే "ఇరగలే, ఇరిగితే గింత గట్టిగ ఒర్రలేవు" అని తేల్చింది.

కోటు సాబ్ గుమ్మంలోనే నిలబడి నేలను చూశాడు. "ఇక్కడ నీళ్లు ఎవరు పోశారు?" అన్నాడు. ఆ గొంతు మారింది. హాలు గుమ్మం దగ్గరి బకెట్టు చూసి పని ఎవరిదో నాకు అర్థమైంది. ఆయనకు పెద్దమ్మ మీద కోపం వస్తుందేమోనని నేను గభాల్న, "ముందు మీరు ఇసుక ఎందుకు సల్లలే, అది చెప్పున్రి" అని పడుకొనే కొట్లాట మొదలుపెట్టాను. పెద్దమ్మ నా మూతి మీద చెయ్యి వేసింది. "ఏమంటున్నడు? నీళ్ల సంగతేనా? చెప్పు, నేనే పోసిన అని చెప్పు. మంచికనే పోసిన, గిట్లయితదని ఎరుకలేదు అని చెప్పు." నేను చెప్పలేదు. ఆమె నా వంక ఒకసారి చూసి, గుమ్మం దగ్గర పడి ఉన్న బకెట్టును వేలితో చూపించి, ఆ వేలితోనే తన రొమ్ము మీద కొట్టుకుంది. దానికి తర్జుమా అక్కరలేకపోయింది.

కోటు సాబ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. తరువాత లోపలికి ఒక కేక వేశాడు. ఇద్దరు మనుషులు ఇసుక బస్తాలు, గోనెపట్టాలు మోసుకొచ్చారు. అవి పొద్దుటి నుంచీ ఆయన గది వెనకాలే ఉన్నాయట. మంచు పడుతుంటే ముందే చల్లిన ఇసుకను మళ్లీ మంచు కప్పేస్తుంది కాబట్టి, బండి పక్క స్టేషను వదిలిందన్న కబురు వచ్చాకే చల్లుతారట. ఈ సంగతి వినగానే చల్లారుతున్న నా కోపం భగ్గుమంది. "గీ ముచ్చట ముందుగాల చెప్తే నోట్లకెల్లి ముత్యాలు రాలుతుండెనా సాబ్?" అన్నాను. "కూర్చోమని చెప్పాను కదా" అన్నాడాయన. "ఎందుకో చెప్పకుంట కూసోమంటే మా ఊరోళ్లు కూసుంటరా? చేతికి పని ఆనకుంటే వాళ్లకు పానం నిలువది." ఆయన, చేతులతో నేల మీద ఇసుక సర్దుతున్న పెద్దమ్మ వైపు చూశాడు. ఆ తరువాత బండి వచ్చినప్పుడు ప్లాట్‌ఫారం అంచున తానే నిలబడి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి పెట్టె ఎక్కించాడు. పెద్దమ్మ గోనెపట్టా మీద మెల్లగా తన కాళ్లతో తానే నడిచి ఎక్కింది. నన్ను మాత్రం సామాన్ల బండి మీద పడుకోబెట్టి తోశారు.

కాచిగూడలో దిగేసరికి అక్క వచ్చి ఉంది. మొదట తల్లిని పై నుంచి కింది దాకా చూసింది, ఆమె నడకను చూసింది, కళ్లు తుడుచుకుంది. తరువాత ఇద్దరి భుజాల మీద వేలాడుతూ వస్తున్న నన్ను చూసి, "నువ్వు అమ్మను తీస్కపోయినవా, అమ్మ నిన్ను తీస్కపోయిందా?" అంది. ఊళ్లో ఇప్పటికీ ఆ యాత్ర సంగతి పెద్దమ్మే చెబుతుంది. ఆమె కథలో ఉడుకు నీళ్లు ఉండవు, నేను జారడం మాత్రం ప్రతిసారీ ఒక మూర పెరుగుతుంది. నేను మధ్యలో అందుకోబోతే "నువ్వు ఊకో బిడ్డా, నీకు కోపం వస్తది" అంటుంది.

వస్తుంది మరి. మొన్న వానాకాలం నగరంలో ఒక స్టేషనులో నిలబడి ఉంటే, తడిసిన నున్నటి బండల మీద ఒక ముసలామె నా కళ్ల ముందే జారి పడింది. చుట్టూ ఉన్న వాళ్లు లేపారు. లేపుతూనే "చూస్కొని నడువొద్దా అమ్మా" అన్నారు. ఆమె తప్పు చేసినదానిలా తల వంచుకొని చీర దులుపుకుంది. నా చెవులు వేడెక్కాయి. ఆ బండలు ఎవరు పరిచారో, ఆ నీళ్లు పోయే దారి ఎవరు మరిచారో ఆమెను ఎవరూ అడగనివ్వరు. ఆమెను కూర్చోబెట్టి, ఎముక ఏదీ విరగలేదని నమ్మకం కుదిరాక, ఆఫీసు గది వైపు బయలుదేరాను. ఇరవై రెండేళ్ల వయసున్న ఆనాటి పిల్లవాడైతే రొమ్ము విరుచుకొని ఈపాటికి తలుపు తన్నుకొని లోపల ఉండేవాడు. వాడిని తలుచుకుంటే జాలి, కొంచెం ముద్దు. నా కోపం వాడి కోపం కన్నా ఒక పిసరు కూడా తగ్గలేదు గానీ, ఇప్పుడు కొట్లాటకు పోయినా గోడ పట్టుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ పోతాను.