స్టెంటు ఒకటి, డాక్టర్లు ఊరంతా

మా ఆయన గుండెలో స్టెంటు వేసిన చోట రక్తనాళం మళ్లీ సన్నబడింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. మందు పూసిన బెలూన్‌తో తెరిస్తే లోపల కొత్త లోహం ఉండదు, కానీ మళ్లీ మూసుకుపోవచ్చు. పాత స్టెంటులోనే ఇంకో స్టెంటు వేస్తే ఆ భయం కాస్త తక్కువ, కానీ రెండు పొరలవుతాయి, ముందుముందు ఇబ్బందొస్తే లోపల చోటుండదు. "మీకు రెండిట్లో ఏదైనా చేయొచ్చు. ఆలోచించుకుని సాయంత్రంలోగా చెప్పండి," అన్నాడు.

అంతే, దవాఖానా గదిలో పలకరింపులు మొదలయ్యాయి. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, నోట్లో వైద్యం! చండ్రుగొండ నుంచి వచ్చిన మా అన్న కూర్చోకముందే, "బెలూన్ ఏందమ్మా? గాలి పోతే పోయినట్టే. స్టెంటే ఏపియ్యి," అన్నాడు. మా ఆయన సరేనని తలూపాడు.

భద్రాచలం బస్సు దిగి వచ్చిన మా పెద్దాడబిడ్డది ఇంకో పాట. "ఇనుము మీద ఇనుమా? గుండె అనుకున్నరా, రేకుల షెడ్డు అనుకున్నరా? బైపాస్ ఆపరేషన్ చేపిచ్చుకో తమ్మీ!" డాక్టరు ఆ మాటే ఎత్తలేదు మొర్రో అంటే వింటేనా! మా ఆయన దానికీ తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చెప్పి చివర్లో, "ఇగ మీ ఇష్టం. మంచైనా చెడైనా నీ మీదనే ఉంటది, చూస్కో," అంది నాతో.

"అవ్, నా మీదనే. ఇగ మీరు జల్దీ బయల్దేరుండ్రి," అని లేపి పంపించాను. మా అన్ననీ పంపించాను. బ్రెడ్డు ప్యాకెట్లు కూడా వాళ్ల చేతుల్లోనే పెట్టాను.

తలుపేసి మా ఆయన మీద పడ్డాను. "పానం నీది. నీ నోట్లె మాట లేదా? అందరికీ తలూపుడేనా?"

"నాకు భయమైతాంది. నువ్వేమంటవ్?" అన్నాడు.

ఆఖరికి ఈయన కూడా నా నెత్తినే పెట్టాడే! అయినా చెప్పాను. "బెలూన్. మళ్ల మూసుకపోతే అప్పుడు స్టెంటు ఏసెటందుకు జాగన్నా ఉంటది."

ఆయన ఫోను తీసి వాళ్లక్కకు కలిపాడు. "అక్కా, బెలూనే చేపిచ్చుకుంటున్న. నేనే అనుకున్న. నీ మరదలు వద్దన్నది, నేనే ఇనలే. నాకేమన్నైతే దాన్ని ఒక్క మాట అనొద్దు."

పెళ్లైన ఇన్నేళ్లలో వాళ్లక్క ముందు నా కోసం ఆయన నోరెత్తడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా ఆ నోరు! చస్తానేమో అన్న భయం పుడితే గానీ రాలేదా! కడిగిపారేద్దామని దగ్గరికి వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.