నాచారం అత్తమ్మ బాణీలు

నాచారం అత్తమ్మ పోయిందని బావ ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసుకని ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతున్నాను. "అమ్మ పోయిందే. చాయ్ పెట్టుకుంట కూలబడ్డది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. ఎక్కేవాళ్లకు అడ్డం కాకుండా పక్కకు జరిగాను. తను కాసేపు ఏడ్చాడు. తర్వాత ముక్కు చీదుకుని, "అమ్మ కీబోర్డు వాయించిన ప్రోగ్రాంల తీసిన ఫోటో నీ తాన ఉంటది గదా, జర పంపు. ఫ్లెక్సీకి కావాలె" అన్నాడు.

ఆ ప్రోగ్రాంకు వాళ్లింట్లోంచి ఎవరూ రాలేదు. ఫోటో నా ఒక్కదాని దగ్గరే ఉండడానికి కారణం అదే. ఇది రాయడానికి నన్ను కూర్చోబెట్టింది దుఃఖం ఒక్కటే కాదు. చేదుగా ఉంటే మన్నించండి.

ఆమె మా నాన్నకు చెల్లెలు. పెళ్లికి ముందు మౌలాలిలో ఉన్నప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేది. ఎనభైల నాటి మాట. గణపతి మండపాల దగ్గర, పెళ్లి రిసెప్షన్లలో డిస్కో పాటలు వాయిస్తుంటే జనం స్టేజీ ఎక్కి చూసేవాళ్లట, ఆడపిల్లేనా అని. నాచారంలో కోడలిగా అడుగుపెట్టాక అదంతా ఆగిపోయింది. వద్దన్నది మామయ్య కాదు, వాళ్లమ్మ. మామయ్య పక్కనే ఉండి ఊరుకున్నాడు. "వద్దన్నోళ్లు యాదికుండరు బిడ్డా, నోరు మూస్కున్నోళ్లే యాదికుంటరు" అనేది అత్తమ్మ.

నాకు ఎనభైల తరహా ఎలక్ట్రానిక్ సంగీతమంటే పిచ్చి. అప్పటి సింథసైజర్ల చప్పుళ్లన్నీ ఇప్పుడు సాఫ్ట్‌వేర్లుగా దొరుకుతున్నాయి. పెట్టెలంత బరువుండే ఆ వాయిద్యాలు కంప్యూటర్ తెర మీద బొమ్మలైపోయాయి, గుండీలు మౌసుతో తిప్పుకోవడమే. ఒక ఆదివారం మా ఇంట్లో ఏదో బాణీ కడుతుంటే, వంటింట్లో అమ్మతో మాట్లాడుతున్న అత్తమ్మ తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. "గీ సప్పుడు నాకెరికే" అంది.

చేతులు కొంగుకు తుడుచుకుని నా చిన్న కీబోర్డు ముందు కూర్చుంది. మొదట వేళ్లు తడబడ్డాయి. తప్పు స్వరం పడ్డప్పుడల్లా నాలుక కరుచుకుంది. కాసేపటికి ఏదో దారి దొరికినట్టు ఎడమ చెయ్యి తనంతట తాను నడవడం మొదలుపెట్టింది. వెళ్లేముందు నేను కట్టిన బాణీ విని మూతి ముడిచింది. "టక్కుటక్కున కోస్తున్నవేంది? సప్పుడు పుట్టిచ్చుడు అందరికొస్తది. దాన్ని మెల్లగ సాగనంపుడు రావాలె" అంది.

నా పాత ల్యాప్‌టాప్, ఆ చిన్న కీబోర్డు ఆమెకిచ్చేశాను. డైనింగ్ టేబుల్ మీద, ఒక పక్క కుక్కరు, ఇంకో పక్క మామయ్య టీవీ వార్తలు. ఆ మధ్యలోనే కూర్చుని బాణీలు కట్టింది. అన్నీ గొప్పగా ఉండేవని చెప్పను. ఎకో అంటే ఆమెకు వల్లమాలిన ప్రేమ, బావిలోంచి వాయిస్తున్నట్టుండేది. తగ్గించమంటే అలిగేది. కానీ కొన్ని ఉన్నాయి. నాచారం మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన జనం రోడ్డు మీద బస్సుల కోసం నిలబడే సాయంత్రం మీద ఒకటి కట్టింది. అది వింటే ఆ రోడ్డు మీది మందుల వాసన ముక్కుకు తగిలేది.

నేనవి నెట్లో పెట్టాను. ఇది ఏ పాత క్యాసెట్‌లోదని ఎవరో అడిగారు. చదివి వినిపిస్తే అత్తమ్మ పడీపడీ నవ్వింది. నవ్వాగాక, "ఎనభైలల్ల నన్ను మధ్యలనే ఆపిచ్చిన్రు గద. గందుకే గిప్పుడు చేసుకుంటున్న నా ఎనభైలు" అంది.

వాటిని విన్న కుర్రకారు ఏఎస్ రావు నగర్‌లో ఒక కాఫీ హోటల్ మేడమీద పాత తరహా సంగీతంతో కార్యక్రమం పెట్టుకుని, ఆమెను వచ్చి వాయించమన్నారు. ఇంట్లో చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"గీ వయసుల నీకేం కిరికిరి?" అన్నాడు మామయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"మా దోస్తులు తిరిగే జాగ అమ్మా అది. నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు బావ.

"నీ ఇజ్జత్ ఇంట్ల పెట్టి తాళమేస్కో బిడ్డా. నేను వొయ్యొస్త" అంది అత్తమ్మ.

వెళ్లింది. మొదటి బాణీ అంతా తల వంచుకునే వాయించింది. రెండోదానికి భుజాలు ఊగాయి. మూడోదానికి ఎదురుగా ఉన్న పిల్లలు కుర్చీలు పక్కకు జరిపేసి ఎగరడం మొదలుపెట్టారు. ఆమె తలెత్తి వాళ్లను చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆ క్షణంలో తీసిందే ఆ ఫోటో.

నేనే ఇంటికి దింపాను. మామయ్య కంచం ముందు ఉన్నాడు. ఎలా జరిగిందని అడగలేదు. "పెరుగు యాడవెట్టినవ్?" అన్నాడు. అత్తమ్మ ఫ్రిజ్ తెరిచి పెరుగు తీసి వేసింది. ఆ నవ్వు అప్పటికింకా ఆమె ముఖం మీదే ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

తర్వాత కొన్నాళ్లకు కూతురి క్లాసులకు కావాలని బావ ఆ ల్యాప్‌టాప్ తీసుకుని, అందులో ఉన్నదంతా తుడిచేయించాడు. నెట్లో పెట్టినవి మిగిలాయి. పెట్టనివి పోయాయి. "సప్పుళ్లే గదమ్మా, మల్ల చేస్కో" అన్నాడట. నేను కొట్లాటకు వెళితే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చింది. "లొల్లి వద్దు బిడ్డా. గీ ఇంట్ల నేనుండాలె" అంది. ఆమె చాలాకాలంగా బతికిన బతుకంతా ఆ ఒక్కమాటలో ఉంది.

దశదినకర్మ నాడు గల్లీ మొదట్లో ఆ ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కింద 'సంగీత సరస్వతి' అని రాయించారు. షామియానా కింద మామయ్య వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు, "సంగీతమంటే పానం ఆమెకు. నేను ఏనాడు అడ్డం రాలె." అడ్డం రాలేదన్నది నిజమే. జనం తలలూపారు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, అత్త పాటలు నీ తాన ఉన్నయంట గద. స్పీకర్ల పెట్టు. బంతి సాగుతుంటే మంచిగ వినబడ్తయి."

"లేవు మామయ్యా. అన్ని బావ తుడిపిచ్చిండు గద" అన్నాను.

అది అబద్ధమని నాకు తెలుసు, బావకూ తెలుసు. బావ వంగి, చేతిలోని జగ్గుతో పక్కవాళ్ల గ్లాసుల్లో నీళ్లు పోయసాగాడు. మామయ్య కళ్లు రెండుమూడుసార్లు ఆర్పి, అన్నం సరిపోతుందో లేదో చూడ్డానికి వంటవాళ్ల వైపు నడిచాడు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

పోవడానికి కొద్దిరోజుల ముందు అత్తమ్మ మా ఇంటికి వచ్చి, నా కంప్యూటర్ మీద కొత్త బాణీ ఒకటి మొదలుపెట్టింది. మధ్యలో ఫోన్ వచ్చింది, ఇంటికి చుట్టాలొచ్చారని. "మల్లొస్త, దాన్ని ముట్టకు" అని చెప్పులు వేసుకుంది.

మొన్న అది తెరిచి ప్లే చేశాను. డ్రమ్ము, దాని కింద బరువైన బేసు, పైన ఆమె వాయించిన రాగం ఒకటి పైకెక్కుతూ ఎక్కుతూ మలుపు దగ్గర ఆగిపోయింది. తెర మీద, పాట ఎక్కడిదాకా వచ్చిందో చూపించే నిలువుగీత మాత్రం ఆగలేదు. ఏమీ లేని గళ్ల మీదుగా, ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ, అదే వేగంతో పోతూనే ఉంది.